పది గుర్రపు బలమా, పది గుర్రముల బలమా?

మన్నేరు:
పెద్దలకు నమస్కారం. ఒక్క అక్షరం నన్ను చాలా కాలంగా వేధిస్తున్నది. మా ఊరి పాత వడ్ల మిల్లు పడమటి గోడ మీద, సున్నపు పూత పైన నీలిరంగుతో, బెత్తెడు బెత్తెడు అక్షరాలతో యంత్రం గొప్పతనం రాయించి ఉండేది. బడికి పోతూ రోజూ చదివిన వాక్యమే అయినా, ఇప్పుడు తలచుకుంటే "నూనె ఇంజను, పది గుర్రపు బలము గలది" అని నా నోటికి వస్తున్నది. ఆ గోడకు ఎదురింట్లోనే కాపురమున్న మా మేనత్త మాత్రం అది "పది గుర్రముల బలము గలది" అనీ, పట్నం చదువుల్లో పడి నేను మరిచిపోయాననీ అంటున్నది. ఇంజను హార్స్‌పవర్‌కు, అంటే హెచ్‌పీకి, ఇప్పుడు వాడే అశ్వశక్తి అన్న మాట అక్కడ లేదు. "గుర్ర" వరకు, మళ్ళీ "బలము" నుండి చివరిదాకా మా ఇద్దరికీ తగవు లేదు. నడుమ ఉన్నది "పు" నా, "ముల" నా అన్నదే తేలవలసి ఉన్నది. ఆ కాలపు రాతలు ఎరిగినవారు చెప్పగలరు.

గుండ్లకమ్మ:
మీ జ్ఞాపకమే సరైనది. కర్మధారయంలో, అంటే విశేషణ విశేష్యాల సమాసంలో, మాట చివరి "ము"కు బదులు "పు", "ంపు" వస్తాయన్న చిన్నయసూరి వ్యాకరణ సూత్రం ఈ బృందంలో అందరికీ కంఠస్థమే గనుక దాన్ని మళ్ళీ రాయను. నేను చెప్పదలచినది దాని వెనుకనున్న సంగతి. సరసపు మాట అన్నప్పుడు సరసమనే వ్యక్తి ఒకరు ఉండి వారి మాట ఇదని చెప్పడం లేదు, మాటే సరసమైనదని చెబుతున్నాము. అదే విధంగా గుర్రపు బలము అన్నప్పుడు ఆ బలం ఫలానా గుర్రానికి చెందినదని అర్థం రాదు. అది బలంలో ఒక తరహా, ఒక కొలత. గుర్రముల బలము అన్నారో, అది షష్ఠీతత్పురుషమై కూర్చుంటుంది; అప్పుడు పది గుర్రాలు ప్రాణంతో నిలబడి ఉండాలి, వాటికి పూటపూటకూ దాణా పెట్టాలి. మిల్లు యజమాని గోడ మీద రాయించినది కొలత. కాబట్టి అక్కడ "పు" తప్ప మరొకటి పొసగదు. గుర్రాన్ని కొట్టంలోంచి తీసి కుంచంలో పోసినది ఈ ఒక్క అక్షరమే.

పెన్న ఒడ్డు:
గుండ్లకమ్మ గారి వాదం వినసొంపుగా ఉన్నది గాని మా నెల్లూరు కాలువల్లో నిలవదు. కాలువ నిండా అల్లుకుపోయి పారుదలను అడ్డగించే ఆ కలుపు మొక్కను మేము గుర్రపు డెక్క అంటాము. మొక్క సంగతి పక్కన పెట్టి అసలు డెక్కనే తీసుకున్నా, గుర్రపు డెక్క గుర్రానిదే గదా! డెక్కే గుర్రమని కర్మధారయం చెప్పగలరా? గుర్రపు కొట్టం, గుర్రపు నాడా, గుర్రపు జీను, ఇవన్నీ సంబంధాన్ని చెప్పే మాటలే. "పు"కు కొలత అన్న అర్థం అంటగట్టినది సూరి గారు కాదు, మీరు.

గుండ్లకమ్మ:
కలుపు మొక్కను సాక్ష్యానికి తెచ్చినందుకు కృతజ్ఞుణ్ణి. అది నా పక్షానే సాక్ష్యం చెబుతున్నది. ఆ మొక్కలో గుర్రం ఎక్కడున్నది? పోలికను బట్టి పేరు వచ్చింది, గుర్రం తప్పుకున్నది, "గుర్రపు" మాత్రం మిగిలింది. ఇంజను విషయంలోనూ జరిగినది అదే.

ఉదయగిరి కొండ:
వ్యాకరణం తేలేలోగా, కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పిన అలవాటు కొద్దీ చరిత్ర వైపు నుండి ఒక మాట చెబుతాను. మీరు తగవులాడుతున్న రెండు అర్థాలూ ఇంగ్లండులో ఒకదాని తరువాత ఒకటి నిజంగానే నడిచాయి. 1702లో థామస్ సేవరీ గనుల్లో నీళ్ళు తోడే తన యంత్రాన్ని గురించి రాస్తూ, ఒకేసారి కట్టిన రెండు గుర్రాలు ఎంత నీరు తోడగలవో అంత నీరు తోడే యంత్రం ఉంటే, అదే పనికి ఎడతెగకుండా పది పన్నెండు గుర్రాలను పోషించవలసి ఉంటుందని లెక్క చూపాడు. గుర్రం అలసిపోతుంది గనుక వంతులు మార్చాలి. విప్పి కట్టేసిన గుర్రం కూడా తింటూనే ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత గని యజమానులకు మనకంటె బాగా అనుభవం. సేవరీ లెక్కలో ఉన్నవి మేత మేసే గుర్రాలు. అంటే మన్నేరు గారి మేనత్త గారి "గుర్రములు".

"పు" వచ్చినది 1780లలో, జేమ్స్ వాట్ చేతి మీదుగా. మర తిప్పే గుర్రం 24 అడుగుల వ్యాసమున్న వలయంలో గంటకు 144 చుట్లు తిరుగుతుందనీ, 180 పౌన్ల బలంతో కాడిని లాగుతుందనీ పెట్టుకుని గుణిస్తే నిమిషానికి 32,572 అడుగు పౌన్లు (ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తే పని ఒక అడుగు పౌను) వస్తాయి. దానిని గుండుగా 33,000 చేసి అక్కడ గీత గీశాడు. అంతకు ముందు స్మీటన్ అనే ఇంజనీరు వేసిన అంచనా 23,000 లోపే. వాట్ తన గుర్రాన్ని కొంచెం బలిష్ఠంగా ఎంచుకోవడంలో వర్తకుని తెలివి ఉన్నది: పది గుర్రాల ఇంజను కొన్నవాడు, తన కొట్టంలోని పది గుర్రాలకంటె ఇదే ఎక్కువ పని చేస్తున్నదని సంతోషించాలి గాని, తక్కువ చేస్తున్నదని తగవుకు రాకూడదు. ఆ గీత గీసిన తరువాత ఏ గుర్రం ఎంత లాగినా, కుంటినా, చచ్చినా ఆ అంకె కదలలేదు.

గుండ్లకమ్మ:
చూశారా! వాట్ "పు" వాడు, సేవరీ "ముల" వాడు. మన్నేరు గారి మిల్లు గోడ వాట్ తరువాతిదే గదా.

పెన్న ఒడ్డు:
మిల్లు గోడ మీదిది వాట్ దస్తూరీ కాదు గదండీ, రంగులు వేసే మనిషి దస్తూరీ.

ఒంగోలు గిత్త:
అసలు గుర్రం మన జిల్లాల్లో ఏనాడు మర తిప్పింది? జట్కా లాగింది, పెండ్లికొడుకును మోసింది, దొరను ఎక్కించుకుని జమాబందీకి వెళ్ళింది. గానుగ తిప్పినది ఎద్దు, కపిల తోలినది ఎద్దు, బండి లాగినది ఎద్దు. వాట్ గారు చూసిన మరగుర్రం మన లెక్కలో గానుగెద్దే. ఆయన ఒంగోలు సంతలో తిరిగి ఉంటే ఈ రోజు మనమందరం అయిదు ఎద్దుల మోటారు కొంటూ ఉండేవాళ్ళం.

మా తాతగారి కపిల బావి నాకు బాగా గుర్తు. బావి గట్టు నుండి కిందికి వాలుగా తవ్విన దారిలో జత ఎద్దులు దిగుతుంటే తోలు బాన పైకి వచ్చేది. దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలిపేవాడు, బాన కాలువలోకి ఒలికాక ఎద్దులను వెనక్కు వెనక్కు నడిపించుకుంటూ గట్టెక్కించేవాడు. ఆ పనిని ఎవరూ ఎద్దు బలాలతో కొలవలేదు, "ఎన్ని ఎద్దుల కపిల" అనే అడిగేవారు. సేద్యాన్నీ అంతే: ప్రకాశం వైపు "నాలుగు అరకల వ్యవసాయం" అన్నారు, నెల్లూరు వైపు "నాలుగు మడకల సేద్యం" అన్నారు. రెండు చోట్లా అంకె పక్కన బహువచనమే ఉన్నది. పది గుర్రాలు అని అంకె వేసిన తరువాత "గుర్రముల" అనక తెలుగువాడు ఇంకేమంటాడు? మేనత్త గారు చెప్పినదే నిజం.

గుండ్లకమ్మ:
అరకల వ్యవసాయం మంచి ఉదాహరణే గాని అక్కడ కూడా ఎద్దులు పక్కకు తప్పుకున్నాయి గమనించండి. నాలుగు అరకల వ్యవసాయమున్న ఇంట్లో ఆ పూటకు మూడే అరకలు కట్టినా వ్యవసాయం మూడు అరకలది కాదు. అది పొలం విస్తీర్ణానికి పేరైపోయింది. మూర కూడా అంతే. మోచేతి నుండి పుట్టిన కొలతే అయినా, పూలమ్మి చెయ్యి పొట్టిదైతే మనం తగవు పెట్టుకుంటాము. చెయ్యి కొలతకు లోబడాలి గాని కొలత చేతికి లోబడకూడదు.

ఒంగోలు గిత్త:
అయ్యా, నా ఉదాహరణను నాకు వ్యతిరేకంగా తిప్పడంలో మీరు గానుగెద్దును మించినవారు. బహువచనం సంగతికి మాత్రం మీరు జవాబు చెప్పలేదు. "పు"యే అయితే పది అన్న అంకె గుర్రానికి కాక బలానికి తగలాలి. అప్పుడు "పది గుర్రపు బలములు" అని ఉండాలి, రెండు గుర్రపు బండ్లు అన్నట్లుగా. గోడ మీద "బలము" ఏకవచనమని మన్నేరు గారు ముందే చెప్పారు. బలం ఒక్కటి, గుర్రాలు పది.

మన్నేరు:
"బలము గలది" అన్నదాంట్లో మాకు అనుమానం లేదు. "బలములు" కాదు.

ఉలవపాడు మామిడితోట:
ఇన్నాళ్ళూ చదవడమే గాని రాసినవాణ్ణి కాదు. మోటార్లకు వైండింగు చుట్టడం నా వృత్తి గనుక రెండు మాటలు చెబుతాను. కొలతల పక్కన మనం ఏకవచనం కూడా వాడుతాము: పది హెచ్‌పీ మోటారు. పది హెచ్‌పీల మోటారు అని నా దుకాణానికి వచ్చిన ఏ రైతూ అనలేదు. కాబట్టి "పది గుర్రపు బలము" అని ఏకవచనం ఉండడంలో తప్పేమీ లేదు. అయితే మా నాయన కాలంలో రైతులు "అయిదు గుర్రాల మోటారు" అనేవారు. ఆ మాట నేను చెవులారా విన్నాను. రెండు వైపులా సాక్ష్యం చెప్పినందుకు క్షమించాలి.

ఇంకొక సంగతి. పేరు పలక మీద 5 హెచ్‌పీ, 3.7 కిలోవాట్లు అని రెండూ ఉంటాయి. పలక మీది గుర్రాలనూ లోపలి గుర్రాలనూ ఒకటనుకోకండి. మునుపు హెచ్‌పీకి ఇంత అని ఏటికొకసారి కరెంటు డబ్బు కట్టే రోజుల్లో, లోపల ఏడున్నరకు సరిపడా రాగి చుట్టి పైన అయిదు పలక బిగించిన మోటార్లు నా బల్ల మీదికి ఎన్నో వచ్చాయి. విప్పితే లోపలి ఇనుపరేకుల దొంతర (స్టాంపింగు) పొడవే నిజం చెప్పేది. 2004లో ఉచిత కరెంటు వచ్చిన తరువాత కూడా ఆ పాత పలకలు చాలా చోట్ల అట్లాగే ఉన్నాయి.

పెన్న ఒడ్డు:
వాట్ గుర్రాన్ని పెద్దది చేసి రాశాడు, మన రైతు చిన్నది చేసి రాయించాడు. ఎవరి అవసరం వారిది.

ఒంగోలు గిత్త:
మామిడితోట గారి పలక మాట వల్ల నాకొక అసలు సందేహం వచ్చింది. గుర్రం ఎప్పుడూ ఒకే గుర్రంగా ఉండదు గదా. మా వైపు బండలాగుడు పందేల్లో బండను మొదట కదిలించేటప్పుడు గిత్తలు ముందు కాళ్ళు మడిచి, మోపురాన్ని కాడికి ఆనించి, మెడ దించి వేసే ఆ పట్టు చూసినవారికి తెలుసు. ఆ క్షణాన వాటిలో ఉన్న సత్తువ, పొద్దస్తమానం అరక లాగేటప్పుడు ఉండదు. అటువంటి పట్టులో గుర్రం ఎంత చేస్తుంది? ఒకటేనా?

ఉదయగిరి కొండ:
ఒకటికి చాలా ఎక్కువ. అమెరికాలోని అయోవా రాష్ట్రపు సంతలో 1920లలో జరిగిన గుర్రాల లాగుడు పోటీ అంకెలను తీసుకుని, స్టీవెన్సన్, వాసర్సుగ్ అనే ఇద్దరు 1993లో నేచర్ పత్రికకు ఒక లేఖ రాశారు. వారి లెక్కలో ఒక గుర్రం కొన్ని క్షణాల పాటు దాదాపు 15 గుర్రపు బలాలు చూపగలదని తేలింది. మనుషుల సంగతీ అంతే. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్ల పరుగు తీసినప్పుడు, మొదటి సెకను లోపల ఒక్క క్షణం అతడు మూడున్నర గుర్రాలు. అదే మనిషి రోజంతా పని చేస్తే ఒక గుర్రంలో పదో వంతు.

రోజంతా సాగే పనికి మోటు లెక్క ఒకటి ఉన్నది. లాగుడు పశువు తన బరువులో ఇంచుమించు పదో వంతు బలంతో పూటంతా లాగగలదు. అయిదు వందల కిలోల గుర్రం యాభై కిలోల లాగుడుతో సెకనుకు ఒక మీటరు నడిచిందనుకోండి. మెట్రిక్ పద్ధతిలో ఒక గుర్రపు బలమంటే 75 కిలోలను ఒక సెకనులో ఒక మీటరు ఎత్తడం. మన వడ్ల బస్తా తూకం కూడా 75 కిలోలే కావడం కాకతాళీయమే అయినా గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తుంది. యాభైని డెబ్బయి అయిదుతో భాగిస్తే ఆ గుర్రం మూడింట రెండు వంతుల గుర్రమే అవుతుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు గనుక, లెక్కప్రకారం ఒక గుర్రపు బలం పుట్టి ధాన్యాన్ని మీటరు ఎత్తు లేపడానికి పదకొండు సెకన్లు దాటుతుంది. వాట్ పెట్టుకున్న 180 పౌన్లంటే 82 కిలోల లాగుడు. పదో వంతు సూత్రం పట్టుకుని వెనక్కు పోతే ఆయన గుర్రం ఎనిమిది వందల కిలోలకు పైబడి తూగాలి. బీరు పీపాల బండ్లు లాగిన ఆ దేశపు భారీ గుర్రాలకు అది చెల్లుతుంది గాని మన జట్కా గుర్రానికి చెల్లదు. జత ఎద్దులు కలిసి ఇంచుమించు ఒక గుర్రపు బలమని మన వ్యవసాయ ఇంజనీర్లు లెక్క వేసుకుంటారు.

బండలాగుడు పందేనికి మాత్రం ఈ లెక్క వేయమని నన్ను అడగవద్దు. బండ తూకం తెలిస్తే చాలదు. నేల ఎంత పట్టి ఉంచుతున్నదో తెలియనిదే లాగుడు తేలదు. తడిపిన నేల ఒకటి, పొడి నేల ఒకటి.

ఉలవపాడు మామిడితోట:
మోటారుకు కూడా ఆ పట్టు ఉన్నది. నేరుగా స్టార్టరు వేసినప్పుడు, తిరగడం మొదలయ్యే క్షణంలో అది మామూలు కరెంటుకు అయిదారింతలు గుంజుతుంది. త్రీఫేజు కరెంటు రాగానే ఆటోమేటిక్ స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు తీగ ఎగిరిపోయేది అందుకే. పలక మీద అయిదు గుర్రాలు అన్నది నిలకడగా తిరిగేటప్పటి మాట.

పెన్న ఒడ్డు:
గుర్రం గురించి ఇంత మాట్లాడి, పెన్న ఒడ్డున భారతం పదిహేను పర్వాలు తెలుగు చేసిన మనిషిని ఇంతవరకు ఎవరూ తలచకపోవడం నాకు కష్టంగా ఉన్నది. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అన్న పేరుతో చేరినది గుర్రాల పనికే. గుర్రాన్ని మచ్చిక చేయడం, దాని రోగం కనిపెట్టడం, దాని పొగరు దించడం, ఇవీ అతడు తనకు వచ్చునని చెప్పుకునే విద్యలు. తిక్కనగారికి ఇంజను గురించి రాయవలసి వచ్చి ఉంటే బలము అన్న సంస్కృతం వంక చూసేవారు కాదు, "లావు" అనేవారని నా నమ్మకం. లావంటే ఇప్పుడు మనకు ఒళ్ళు, అప్పుడు సత్తువ. పోతన గజేంద్రుడు "లావొక్కింతయు లేదు" అన్నది ఒళ్ళు తగ్గిందని కాదు గదా. పది గుఱ్ఱంబుల లావు! ఎంత నిండుగా ఉన్నదో చూడండి. బండిరా (ఱ) కూడా తిరిగి వస్తుంది.

గుండ్లకమ్మ:
తిక్కనగారి మీద మీకున్న భక్తి నాకూ ఉన్నది గాని, లావు అన్నది పోతన నోట వచ్చినంత మాత్రాన తిక్కనకు అప్పజెప్పడం న్యాయం కాదు. గుర్రం మాట వస్తే నన్నయ దగ్గరికి పోవాలి. నలోపాఖ్యానంలో బాహుకుడన్న మారుపేరుతో నలుడు రథం తోలుతుండగా ఋతుపర్ణ మహారాజు ఉత్తరీయం జారిపడుతుంది. ఆపమని అనేలోగా అది యోజన దూరం వెనుకబడి పోతుంది. మన కవులకు గుర్రమంటే వేగం. లాగుడు వారి దృష్టిలో లేదు. ఒంగోలు గిత్త గారు చెప్పినది ఇక్కడ బలపడుతున్నది: ఈ దేశంలో వేగం గుర్రానిది, లాగుడు ఎద్దుది. అందువల్ల "గుర్రపు బలము" అన్న మాట మన నేల మీద పుట్టినది కాదు, సీమ సరుకుతో పాటు ఓడ దిగినది. దిగుమతి మాటకు అరక, మడక వంటి ఇంటి మాటల వ్యాకరణం పట్టదు.

ఉదయగిరి కొండ:
ఋతుపర్ణుని రథం వాట్‌కు కూడా పనికివచ్చేదే. లాగుడునూ వేగాన్నీ గుణిస్తే వచ్చేదే ఆయన కొలత. లాగుడు ఎంత పెరిగినా కదలిక లేకపోతే సున్నా. కదలని బండను లాగుతూ నిలబడ్డ గిత్తలు, చెమటలు కక్కుతున్నా, ఈ లెక్కలో ఏమీ చేయనట్లే. గోడ మీద రాసిన "బలము" అన్న మాటే నాకు అభ్యంతరం. మన పాఠ్యపుస్తకాల్లో బలమంటే తోపు, శక్తి అంటే పని చేయగల నిల్వ, సామర్థ్యమంటే పని జరిగే వేగం. ఆ లెక్కన గుర్రపు బలమూ తప్పే, అశ్వశక్తీ తప్పే; అశ్వసామర్థ్యం ఒక్కటే నిలుస్తుంది. పరీక్ష కాగితం మీద తప్ప ఆ మాట ఎవరూ రాయరని నాకూ తెలుసు.

అల్లూరు రొయ్య:
చిన్నవాణ్ణి, పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించాలి. మా రొయ్యల గుంటల దగ్గర పనిచేసే తమిళ మిత్రుడు దీన్ని "కుదిరైత్తిఱన్" అంటాడు. తిఱన్ అంటే నేర్పు, సామర్థ్యం. అయ్యవారు కోరుతున్న అర్థం అందులో తిన్నగా ఉన్నది. నేను గుర్తించిన ఇంకొక విశేషం ఏమిటంటే, ఫ్రెంచివారు దీనిని "షవాల్ వపర్", అంటే ఆవిరి గుర్రం అన్నారు. పది అయితే గుర్రమే బహువచనమై "షవో వపర్" అవుతుంది, ఆవిరి అట్లాగే ఉంటుంది. మేనత్త గారి పక్షాన ఒక దేశమంతా ఉన్నది. మా గుంటల మీద మాత్రం గుర్రం ఎప్పుడో పోయింది. ఏరేటర్లు నీరు ఎత్తవు, బరువు లాగవు, నీటిని చిలికి గాలి కలుపుతాయి, అయినా "నీ గుంటకు ఎన్ని హెచ్‌పీ వేశావు" అనే అడుగుతాము.

గుండ్లకమ్మ:
బాబూ, జర్మనులు "ఫెర్డెష్టెర్కె" అన్నారు. అది అక్షరాలా గుర్రపు బలమే. పది అయినా నూరైనా అందులో గుర్రం మారదు, బహువచనం చివరి బలానికే తగులుతుంది. నా పక్షాన కూడా ఒక దేశం ఉన్నది.

పెన్న ఒడ్డు:
ఫెర్డె అన్నదాంట్లో ఆ చివరి "ఎ" బహువచనపు గుర్తు కాదని ఎట్లా చెప్పగలరు?

గుండ్లకమ్మ:
సమాసంలో అది అతుకు కోసం వచ్చిన అక్షరం, మన "పు" వంటిదే. జర్మన్ సంధులు వేరే చర్చలో మాట్లాడుకుందాము.

మన్నేరు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఊరికి వెళ్ళి వచ్చాను. మిల్లు ఆడి చాలా ఏండ్లయింది, కప్పు సగం పోయింది, పడమటి గోడ మాత్రం నిలిచి ఉన్నది. ఫోటో పైన పెట్టాను, చూడండి. "నూనె ఇంజను, పది గుర్ర" వరకు నీలిరంగు వెలిసినా చదవడానికి వస్తున్నది. చివర "బలము గలది" ఇంకా స్పష్టంగా ఉన్నది. నడుమ, మనకు కావలసిన చోటనే, కరెంటు మీటరు పెట్టె బిగించారు. పెట్టె వెడల్పు నా చేతికి ఒక జాన. మీదనున్న సీలు చెక్కు చెదరలేదు. మూత మీద ఎవరో ఎర్రరంగుతో "లోడు 7.5 కి.వా." అని రాశారు.

ఉలవపాడు మామిడితోట:
7.5 కిలోవాట్లంటే పది హెచ్‌పీయే. నూనె ఇంజను తీసి కరెంటు మోటారు పెట్టినప్పుడు అదే లెక్కకు పెట్టి ఉంటారు. సీలున్న పెట్టెను మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు, జరిమానా పడుతుంది.

ఉదయగిరి కొండ:
గుర్రం ఉన్న చోట కి.వా. వచ్చి కూర్చున్నది. ఆ "వా" వాట్ గారిదే; 1882లో సీమెన్స్ అనే ఇంజనీరు ఆయన పేరును కొలతకు పెట్టాలని ప్రతిపాదించాడు. తాను కొలిచిన గుర్రం మీదికి తానే ఎక్కాడన్నమాట.

పెన్న ఒడ్డు:
జానెడు పెట్టె, బెత్తెడు అక్షరాలు. జానకు మూడు బెత్తలు చెల్లుతాయి. "ముల" రెండక్షరాలు, పైన పదానికి పదానికి మధ్య ఖాళీ ఒకటి, మూడూ సరిపోయాయి. "పు" ఒక్కటే అయితే రెండు బెత్తల ఖాళీ ఎందుకు వదులుతాడు?

గుండ్లకమ్మ:
ఫోటోను పెద్దది చేసి పెట్టె కింది అంచును చూడండి. ఎడమ మూల దగ్గర నీలిరంగు కొమ్ము ఒకటి కిందికి దిగి వంకర తిరిగి ఉన్నది. ఒక్క కొమ్మే ఉన్నది. "ము" అయితే మకారానికి తనదైన తోక ఒకటి, దాని మీద ఉత్వం మరొకటి, రెండు వంకరలు కనిపించాలి. అది "పు".

ఒంగోలు గిత్త:
రెండో వంకర ఉండవలసిన చోట పెట్టె మేకు నుండి కారిన తుప్పు మరక ఉన్నది గదండీ. దాని కింద ఏమున్నదో మీరు చూశారా?

అల్లూరు రొయ్య:
తుప్పు మరక పైభాగంలో కొద్దిగా నీలం కనిపిస్తున్నట్లున్నది. నా ఫోను తెర చిన్నది. పెద్ద తెర మీద ఎవరైనా చూడగలరా?

మన్నేరు:
మేనత్తకు ఫోటో చూపించాను. అద్దాలు పెట్టుకుని చాలా సేపు చూసి, "గుర్రముల" అనే ఉన్నదనీ, మీటరు పెట్టిన రోజున ఆ అక్షరాల మీద పెట్టవద్దని తాను చెప్పినా వినలేదనీ అన్నది. గుండ్లకమ్మ గారి కొమ్ము సంగతి చెబితే, ఆ రాత రాసిన మనిషి ఉత్వాలన్నీ ఒకే వంకరతో లాగేసేవాడని జవాబిచ్చింది. "బలము"లో ఉన్న "ము" దగ్గరనుండి ఫోటో తీయడం మరిచిపోయాను. ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.

గుండ్లకమ్మ:
ఆ "ము"ను గోడ మీద నేరుగా ఎండ పడేటప్పుడు తీయండి. ఉదయం ఎనిమిదింటికైతే పడమటి గోడ మీద నీడ ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక తీయండి.